బుజ్జమ్మా, తల తిరిగితే కూర్చో

బుజ్జమ్మా,

ఎలా ఉన్నావు తల్లీ. మేం బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాలు కాస్త నయం, మెట్లు దిగేటప్పుడు మాత్రం ఇంకా గోడ పట్టుకునే దిగుతోంది. చిన్నోడు పరీక్షలని గదిలోంచి బయటికే రావట్లేదు. మేడ మీద ట్యాంకు లీకు మొత్తానికి ఆగింది. ఇవన్నీ ఫోన్లో చెప్పొచ్చు కదా అనుకుంటావేమో, నువ్వు ఎత్తితే కదమ్మా. ఇవ్వాళ్టికి 19 రోజులు. బిజీగా ఉన్నా నాన్నా తర్వాత చేస్తా అని మెసేజ్ పెడతావు, ఆ తర్వాత అనేది రాదు. పనులుంటాయి, నాకు తెలుసు, నేను నిన్ను ఏమీ అనట్లేదు.

ప్రత్యేకంగా ఏం లేదు, ఊరికే రాస్తున్నా. మొన్న మీ చిన్నత్త ఫోన్ చేసి మాటల మధ్యలో చెప్పింది, నువ్వేదో వేడి గదిలో యోగాకి వెళ్తున్నావంట, రెండో క్లాసులోనో మూడో క్లాసులోనో కళ్ళు తిరిగి పడిపోయావంట, ఎవరో బయటికి తీసుకొచ్చారంట. పడిపోయిందా, తల తిరిగి తనే కూర్చుందా అని రెండుసార్లు అడిగాను. ఆవిడకి తెలీదు, వాళ్ళమ్మాయి చెప్పిందంట. మీ చిన్నత్త సంగతి నీకు తెలుసుగా, గోరంతలు కొండంతలు చేస్తుంది, అందుకే నేను పెద్దగా నమ్మలేదు. నమ్మలేదు గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

యోగా మంచిదే, వద్దనట్లేదు. అసలిదేంటో చూద్దామని రెండు రోజులు కూర్చుని చదివా. దీనికి పేరు తెచ్చింది కలకత్తా నుంచి వెళ్ళిన బిక్రమ్ చౌదరి అట, పరమహంస యోగానంద గారి తమ్ముడు బిష్ణుచరణ్ ఘోష్ దగ్గర నేర్చుకుని 1970ల్లో అమెరికాలో మొదలుపెట్టాడు. రెండు శ్వాస వ్యాయామాలతో కలిపి మొత్తం 26 ఆసనాలు, గంటన్నర సేపు, గదిలో వేడి 105 ఫారెన్‌హీటు, అంటే 40 డిగ్రీల పైన, గాలిలో తేమ 40 శాతం. తర్వాత శిష్యురాళ్ళే ఆయన మీద కేసులు వేశారు, దాంతో చాలామంది ఆ పేరు తీసేసి హాట్ యోగా అనే పెట్టుకున్నారు. వేడి కూడా కొందరు 32, 35 దగ్గరే ఉంచుతున్నారు, క్లాసు గంటకి కుదించారు. నువ్వెళ్ళే చోట ఎంత పెడతారో కనుక్కుని నాకు చెప్పు. 32కీ 41కీ చాలా తేడా ఉందమ్మా, మొదటిసారి వెళ్ళే మనిషికి మరీను.

ఎందుకంటే మన ఒంటి వేడి 37. గది అంతకంటే వేడిగా ఉంటే ఒంట్లో వేడి గాలిలోకి పోదు సరికదా, గాలిలో వేడే మనకెక్కుతుంది. ఇక మిగిలిన దారి చెమట ఒక్కటే. అదైనా కారితే ఒళ్ళు చల్లబడదు, ఆరితేనే చల్లబడుతుంది. తేమగా ఉన్న గదిలో ఆరదు, బొట్లు బొట్లుగా కింద పడిపోతుంది, అంటే ఒంట్లో నీళ్ళూ పోయినట్టే, చలవా రానట్టే. కాస్త ఒళ్ళున్నవాళ్ళకి ఇంకా కష్టం, కదిలితే పుట్టే వేడి ఎక్కువ, అది బయటికి పోవడం నిదానం. ఇది పుస్తకం చూసి చెప్పట్లేదు నేను.

ఫర్నేసు షెడ్డు సంగతి నీకెప్పుడైనా చెప్పానా. పెద్దక్క కూడా పుట్టలేదు అప్పటికి. నాకు 23 ఏళ్ళు, 94 కేజీలు ఉండేవాణ్ణి, పచ్చచొక్కా ఫోటో చూశావు కదా, అప్పుడన్నమాట. ఆఫీసు పక్కనుంచి తీసి ఫర్నేసు వైపు వేశారు నన్ను. అక్కడ మా పెద్దమేస్త్రి పద్ధతేంటంటే కొత్తగా వచ్చినవాడు మొదటిరోజు రెండు గంటలే లోపలుండాలి, మర్నాడు కొంచెం ఎక్కువ, ఆ పైరోజు ఇంకొంచెం, అలా పది పన్నెండు రోజులకి గానీ ఫుల్ షిఫ్టు చెయ్యనిచ్చేవాడు కాదు. నాతోపాటు వచ్చిన ముగ్గురూ సన్నగా రివటల్లా ఉండేవాళ్ళు, వాళ్ళు టైము కాగానే బయటికొచ్చి కూర్చునేవాళ్ళు. నేను మాత్రం రాలేదు. లావుగా ఉన్నాడు, వీడెక్కడ నిలబడతాడు అని ఎవరైనా అనుకుంటారేమోనని నాకు లోపల ఒకటే దిగులు. నిజానికి ఎవరూ ఏమీ అనలేదు, ఆ మాట నాకు నేనే అనుకున్నా. మూడో రోజు పొద్దున్నుంచే తలనొప్పి, సరిగ్గా నిద్రపోలేదులే అని సర్దుకున్నా. గడ్డం మీంచి చెమట బొట్లు ఇనప రేకు మీద పడితే చుయ్యిమని ఆవిరైపోయేవి, అది చూస్తా నిలబడటం ఇప్పటికీ గుర్తుంది. కాసేపటికి చెమట ఉన్నట్టుండి చల్లగా అనిపించింది, చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి, అంత వేడిలో చలేంటి అనుకున్నా. హాయిగా ఉందనుకున్నా బుజ్జమ్మా, అదీ ప్రమాదం. ఆ తర్వాత పార చేతిలో పట్టుకుని నిలబడ్డాను గానీ ఎందుకు తెచ్చానో, ఎటు వెళ్ళాలో గుర్తు రావట్లేదు. దూరం నుంచి పెద్దమేస్త్రి చూసినట్టున్నాడు, ఏం మాట్లాడకుండా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళి, చొక్కా విప్పించి, తడి గోనెసంచి భుజాల మీద కప్పి, అట్టముక్కతో విసురుతూ కూర్చున్నాడు. నా బొటనవేలి గోరు గట్టిగా నొక్కి వదిలాడు. నొక్కితే తెల్లబడుతుంది కదా, వదలగానే ఎరుపు రావాలి, రాలేదు, చాలాసేపటికి వచ్చింది. ఆ గోరు వైపే చూస్తూ అన్నాడు, వేడికి పౌరుషం తెలీదబ్బాయ్, దాని లెక్క అది చూసుకుంటది అని.

రెండు రోజులు ఇంట్లోనే పడుకున్నా. మూడోరోజు వెళితే మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టించాడు, ఈసారి అరగంటే. తలుపు పక్కన బోర్లించిన బకెట్టు మీద నా చోటు, నీళ్ళలో చిటికెడు ఉప్పు, ఆయన పైకి లెమ్మంటేనే లేవాలి. సిగ్గుతో చచ్చిపోయాననుకో. కానీ రెండో వారం చివరికొచ్చేసరికి అదే వేడిలో అదే మనిషిని షిఫ్టంతా నిలబడ్డా, బరువు కేజీ కూడా తగ్గలేదు అప్పటికి. ఒళ్ళు నేర్చుకుందన్నమాట, ముందే చెమట పట్టడం, ఎక్కువ పట్టడం, చెమటలో ఉప్పు తక్కువ పోవడం. ఇప్పుడు చదివితే డాక్టర్లు కూడా అదే రాశారు, వేడికి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుందని. మా మేస్త్రి ఏ పుస్తకం చూసి చెప్పాడు చెప్పు.

అందుకే నువ్వు రెండో క్లాసులో పడిపోయావో కూర్చున్నావో అది నీ చేతకానితనం కాదు, నీ ఒంటికి ఇంకా టైమివ్వలేదు అంతే. మొదటి రెండు వారాలు తలుపు దగ్గర చాప వేసుకో, అక్కడే కాస్త గాలి. సగం ఆసనాలు చెయ్యి, మిగతా సగం శవాసనంలో పడుకునో, కూర్చునో ఉండు, గదిలో ఉండటమే మొదట్లో పని. తల తిరిగినా, వికారంగా ఉన్నా, తలనొప్పి మొదలైనా, నాకులాగా చలేసినా బయటికి వచ్చెయ్. మధ్యలో వెళ్ళకూడదని రూలు పెట్టే టీచర్లు ఉంటారని చదివా. అలాంటివాళ్ళ మాట విననక్కర్లేదు, వాళ్ళు నీ ఒంట్లో లేరు. తికమకగా మాట్లాడటం, మనిషిని గుర్తుపట్టకపోవడం దాకా వస్తే అది వడదెబ్బ, ఒంట్లో వేడి 40 దాటితే ప్రాణం మీదికొస్తుంది, వెంటనే చల్లబరుస్తూ హాస్పిటల్‌కి పరిగెత్తాల్సిందే. పక్కన చాప వేసుకునే అమ్మాయికి ఈ సంగతి ఒకసారి చెప్పి ఉంచు, నీకేమన్నా అయితే నీకు తెలీదు కదా, నాకు తెలీలేదు.

లెక్చరివ్వకూడదనే కూర్చున్నా, సరే ఇంకొంచెం. నీ తుమ్ముల మాత్ర ఇంకా వేసుకుంటున్నావా? కొన్ని పాత రకం అలర్జీ మాత్రలు చెమట పట్టనివ్వవంట. నీళ్ళు పోయే బీపీ మాత్రలు, గుండె వేగం తగ్గించే మాత్రలు కూడా ఈ వేడితో పడవంట. నీకవి లేవని తెలుసు, అయినా ఒకసారి డాక్టరుకి చూపించుకుని, నేను ఫలానాది చేస్తున్నానని చెప్పి, బీపీ చూపించుకుని వెళ్ళు. నీళ్ళు క్లాసులో గటగటా తాగడం కాదు, రెండు మూడు గంటల ముందు నుంచీ కొంచెం కొంచెంగా తాగు. అయ్యాక మాత్రం ఉప్పు కూడా వెళ్ళాలి, ఉత్త నీళ్ళే లీటర్లకి లీటర్లు పోస్తే రక్తంలో సోడియం పడిపోతుంది, అదీ ప్రమాదమే. కడుపు నిండా తిని వెళ్ళొద్దు, ఖాళీ కడుపుతోనూ వెళ్ళొద్దు.

వంగకపోవడం గురించి కూడా చూశా. వేడికి కండరాలు మెత్తబడి అబ్బో ఇంత వంగిపోయానే అనిపిస్తుందంట, అక్కడే జాగ్రత్తగా ఉండాలి. కండరం సాగితే మళ్ళీ వస్తుంది, కీళ్ళని పట్టి ఉంచే నరాల్లాంటి కట్లు ఉంటాయే, అవి ఒకసారి సాగితే పూర్తిగా వెనక్కి రావు. కండ మధ్యలో లాగితే ఫర్వాలేదు, మోకాలి దగ్గరో తుంటి దగ్గరో చురుక్కుమంటే ఆపెయ్. ఒంటికాలి మీద నిలబడే జానుశీర్షాసనంలో మోకాలిని వెనక్కి బిగించేయొద్దు, మీ అమ్మ మోకాలు చూస్తున్నావుగా. నిలబడి ముందుకి వంగే పాదహస్తాసనంలో మోకాళ్ళు వంచు, ఎంతైనా వంచు, పొట్ట తొడల మీద ఆనాలి, చేతులు నేలకి అందకపోయినా ఏం కాదు. ఒక కాలు రెండో కాలికి చుట్టే గరుడాసనంలో తొడలు లావుగా ఉంటే కాలు రెండోసారి చుట్టుకోదు, బొటనవేలు నేలకి ఆనిస్తే చాలు, తూగవు కూడా. కూర్చుని కాలు పట్టుకునే ఆసనాలకి తువ్వాలు పాదం చుట్టూ వేసి రెండు కొసలూ పట్టుకో. మోకాళ్ళ మీద నిలబడి చేసే ఉష్ట్రాసనంలో వెనక్కి వాలినప్పుడే చాలామందికి తల తిరుగుతుందంట, నువ్వు చేతులు నడుము మీదే ఉంచుకో. నేను కూడా మొన్న గదిలో తలుపేసుకుని పాదహస్తాసనం వేసి చూశా, వేళ్ళు మోకాలి కింద నాలుగంగుళాల దగ్గర ఆగిపోయాయి. రోజూ పొద్దున వేస్తున్నా, ఇప్పుడు నాలుగున్నర.

ఇంకో సంగతి, క్లాసు అవ్వగానే బరువు చూసుకోవద్దు. కేజీ తగ్గినట్టు చూపిస్తుంది, అది నీళ్ళు, సాయంత్రానికి తిరిగొచ్చేస్తుంది. వెయ్యి కేలరీలు ఖర్చవుతాయని ఎవరైనా చెబితే నమ్మొద్దు, అమెరికాలో కొలిచి చూస్తే గంటన్నర క్లాసుకి ఆడవాళ్ళకి సగటున 330 వచ్చిందంట, జోరుగా నడిచినంత. చెమటతో విషాలు పోతాయనేది కూడా వట్టి మాట, ఆ పని కాలేయం, మూత్రపిండాలు చూసుకుంటాయి. ఇదంతా నిన్ను ఆపడానికి చెప్పట్లేదు. కాళ్ళల్లో బలం, ఒంటికాలి మీద నిలబడటం, నడుం వదులవ్వడం, బాగా నిద్ర పట్టడం, ఇవి వస్తాయి, ఇవి నిజం. వాటి కోసం వెళ్ళు. తూకం కోసం ఆ వేడిలో నిలబడకు.

నేను చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది తల్లీ, ఇంత దూరం వచ్చాక గానీ రాయలేకపోయా. పోయినసారి వచ్చినప్పుడు మేడమెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చావు, బాబాయి వాళ్ళు అందరూ ఉన్నారు, నేను ఒళ్ళు తగ్గించు తల్లీ, ఇలా అయితే ఎలా అన్నాను. నువ్వేమీ అనలేదు, లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగి గ్లాసు కడిగి బోర్లించి మళ్ళీ వచ్చి కూర్చున్నావు. ఆ గ్లాసు చప్పుడు నాకింకా చెవిలో ఉంది. చిన్నత్త చెప్పింది లెక్కేసుకుంటే నువ్వు ఆ క్లాసులో చేరింది అది జరిగిన తర్వాతి నెల్లోనే. నా మాట పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళుంటే ఆ మాట నేను వెనక్కి తీసుకుంటున్నా. నలుగురిలో అనాల్సిన మాట కాదది, అసలు అనాల్సిందే కాదు. నాకు 23 ఏళ్ళప్పుడు ఎవరూ అనకుండానే నాకు నేను అనుకుని షెడ్డులో నిలబడిపోయా, నీ విషయంలో ఆ మాట నేనే అన్నా. నీకది ఇష్టమై వెళ్తుంటే మాత్రం వెళ్ళమ్మా, నిదానంగా వెళ్ళు, నచ్చకపోతే ఫ్యాను కింద చేసుకునే మామూలు యోగా ఉంది, అదీ యోగానే.

మీ అమ్మ మందపాటి తువ్వాళ్ళు రెండు తీసి అంచులు మళ్ళీ కుట్టింది, చాప మీద వేసుకుంటే చెమటకి కాళ్ళు జారకుండా ఉంటాయని. ఒకటి వేసుకో, ఒకటి మొహం తుడుచుకోడానికి. సోమవారం పార్సెల్ వేస్తా, పాత అడ్రసేనా కాదా మెసేజ్ పెట్టు. తుమ్ముల మాత్ర పేరు కూడా రాయి, ఇక్కడ డాక్టరుని అడుగుతా. ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటా, ఎక్కడికీ వెళ్ళను.

పడిపోయావా, కూర్చున్నావా, అది మాత్రం నాకు నిజం చెప్పు. మీ అమ్మకి చెప్పన్లే.

నాన్న