పేరు తేలని నొప్పికి అనుమతి ఎవరిస్తారు? వైద్యారోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

నమస్కారములు. జబ్బు పేరు తేలకముందే పరీక్షలకు అనుమతి ఇవ్వాలన్న విషయమై తమకు మూడు అర్జీలు పెట్టుకున్నాను. రసీదులు నా దగ్గర ఉన్నాయి. ఒక్కదానికీ జవాబు రాలేదు కనుక నలుగురి ముందూ రాస్తున్నాను.

మా అమ్మకు పదకొండేళ్లుగా రూమటాయిడ్ కీళ్లవాతం. రోజూ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్, వారానికోసారి రోగనిరోధక శక్తిని తగ్గించే మెథోట్రెక్సేట్ వేసుకుంటుంది. నిరుడు నడుము నొప్పి మొదలైతే పాత జబ్బే ముదిరిందని స్టెరాయిడ్ మోతాదు పెంచారు. జ్వరం లేదు కదా అన్నారు; స్టెరాయిడ్ వాడే మనిషికి లోపల చీము పడుతున్నా జ్వరం బయటపడకపోవచ్చు. సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ అనే, ఒంట్లో వాపును తెలిపే రక్తపరీక్షలు ఎక్కువగా ఉన్నాయని చూపిస్తే కీళ్లవాతంలో అవి పెరుగుతూనే ఉంటాయన్నారు, అదీ నిజమే. ఎక్స్‌రే బాగుందన్నారు, ఎముకలో ఇన్ఫెక్షన్ మొదలైన తొలి రెండు వారాల్లో ఎక్స్‌రేలో సాధారణంగా ఏమీ కనిపించదు, వెన్ను క్షయలోనైతే ఇంకా ఆలస్యం. ఇలాంటప్పుడు ఎంఆర్‌ఐ తీసి, అనుమానమున్న చోటి నుంచి ముక్క తీసి, సూక్ష్మజీవిని పెంచి గుర్తించే కల్చర్‌కూ క్షయ పరీక్షకూ పంపాలని ఒక డాక్టరమ్మ మాకు చెప్పారు.

అక్కడే మా దారి మూసుకుపోయింది. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద అనుమతి రావాలంటే జబ్బు పేరు రాసిన కాగితం కావాలన్నారు. ఆ పేరు తేలాలంటే ఆ పరీక్షలే చేయాలి. ఏడు వారాలు ఒక కౌంటరు నుంచి ఇంకో కౌంటరుకు తిరిగాను. ఆ రోజుల్లో అమ్మ రాత్రిళ్లు పక్కకు ఒత్తిగిలడానికి మంచం పట్టెను రెండు చేతులా పట్టుకుని, నాన్నగారికి మెలకువ వస్తుందేమోనని చీర కొంగు నోట్లో కుక్కుకునేది. చివరికి గాజులు కుదువపెట్టి బయట ఎంఆర్‌ఐ తీయించాం. రెండు వెన్నుపూసలు దెబ్బతిని, వాటి పక్కన చీముగడ్డ కట్టింది. సూదితో తీసిన ముక్కకు సీబీనాట్ అనే క్షయ జన్యు పరీక్ష చేస్తే క్షయ అని తేలింది. అప్పటికే ఆమె కాళ్లలో పట్టు పోయింది. మందులు ఉచితంగానే అందుతున్నాయి, అందుకు కృతజ్ఞులం. కానీ వాకర్ లేనిదే ఆమె గడప దాటలేదు.

అయ్యా, స్టెరాయిడ్లు, రోగనిరోధక శక్తిని అణిచే బయోలాజిక్ ఇంజెక్షన్లు వాడే కీళ్లవాతం, లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) రోగులకు కొత్తగా ఎముక నొప్పి వస్తే, అనుమానం మీదనే ఎంఆర్‌ఐకీ ముక్క తీసి చూసే బయాప్సీకీ అనుమతి ఇప్పించండి. ముందే యాంటీబయాటిక్ పడితే కల్చర్‌లో సూక్ష్మజీవి దొరక్కపోవచ్చు కనుక, రోగి పరిస్థితి నిలకడగా ఉన్నంతవరకు ముక్క తీశాకే మందు మొదలుపెట్టాలని జిల్లా ఆసుపత్రులకు రాతపూర్వకంగా తెలియజేయండి.

వార్డులో అమ్మ పక్క మంచం మీద లూపస్ ఉన్న ఇరవై రెండేళ్ల అమ్మాయి తుంటి నొప్పితో ఉండేది. స్టెరాయిడ్ వల్ల రక్తం అందక ఎముక చచ్చుబడుతోందో, లోపల చీము పట్టిందో తేల్చకుండానే ఇంటికి పంపించారు. ఆ పిల్ల తల్లి ఇప్పటికీ నాకు ఫోన్ చేసి, మీ అర్జీకి జవాబు వచ్చిందా అని అడుగుతోంది. ఆమెకు ఏమని చెప్పమంటారు?

ఇట్లు,
ఒక రోగి కుమార్తె