సంగీతం పీరియడ్ తియ్యం

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. కిందటి మీటింగులో మీలో కొందరు అడిగారు, ఎనిమిదో తరగతి నుంచి సంగీతం పీరియడ్ ఎత్తేసి ఆ టైము లెక్కలకి ఇవ్వొచ్చు కదా అని. పదో తరగతి దగ్గర పడుతుంటే ఇంట్లో ఎంత టెన్షన్ ఉంటుందో నాకు తెలుసు, అడగడంలో తప్పేమీ లేదు. కానీ ఆ పీరియడ్ మాత్రం తియ్యం. ఎందుకో చెప్పడానికే ఈ నెల ఉత్తరం.

ముందు మన విజయనగరం సంగతే చెప్తాను, ఎందుకంటే పెద్దవాళ్ళకి తెలిసిన ఈ కథ మన పిల్లల్లో చాలామందికి తెలియదు. చాగంటి జోగారావు గారని మహారాజా వారి కొలువులో పనిచేసేవారు. ఆయన కొడుకు గంగరాజుకి చూపు లేదు, సంగీతమంటే ఇష్టం. ఆ ఒక్క పిల్లాడి కోసం మొదలైన ఆలోచనే 1919లో విజయరామ గజపతిరాజు గారి చేతుల మీదుగా సంగీత కళాశాల అయింది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. అక్కడ వయొలిన్ చెప్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారికీ చిన్నప్పట్నుంచీ చూపు సరిగ్గా ఆనేది కాదు, అన్నగారు దగ్గర కూర్చోబెట్టుకుని వయొలిన్ నేర్పబట్టి అంత విద్వాంసుడయ్యారు.

ఆ కళాశాలకే తర్వాత ఘంటసాల వచ్చారు. 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. నాన్న సూరయ్య గారు పిల్లాణ్ణి భుజాల మీద ఎక్కించుకుని భజనలకి తీసుకెళ్ళేవారు, ఆయన తరంగాలు (కృష్ణుడి మీద భక్తి పాటలు) పాడుతుంటే వీడు చిందేసేవాడు, ఊళ్ళోవాళ్ళు బాల భరతుడని మురిసిపోయేవాళ్ళు. ఆ తండ్రి కొడుకు చిన్నగా ఉండగానే పోయారు. నువ్వు గొప్ప విద్వాంసుడివి కావాలని చెప్పి మరీ పోయారు. ఆ మాట పట్టుకుని ఈ కుర్రాడు చేతి ఉంగరం అమ్మి విజయనగరం వచ్చేశాడు, తిండికి జోలె పట్టి మన వీధుల్లో తిరిగాడు, సాలూరి చిన గురువుగా పేరున్న పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పారు. అన్ని కష్టాల్లోనూ వెనక్కి వెళ్ళిపోకుండా ఆయన్ని నిలబెట్టింది, అక్షరాలు కూడా రాని వయసులో తండ్రి భుజాల మీద విన్నదే అని నేను గట్టిగా నమ్ముతాను.

మన పిల్లలంతా ఘంటసాలలు కారు. సంగీతం నేర్చుకుంటే మార్కులు పెరుగుతాయని కూడా నేను మీకు ఆశ పెట్టను. క్లాసులో నేను చూసేది చెప్తాను. ఆరో తరగతి పిల్లలు సరళీ స్వరాలు, అంటే సంగీతంలో మొదటి పాఠాలు, మొదలుపెట్టినప్పుడు మొదటి కాలంలో (కాలం అంటే వేగం) తాళం దెబ్బకి ఒక్క స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. చేతి తాళం మాత్రం అదే నడక, మారకూడదు. మూడో కాలం వచ్చేసరికి నోటితో పాటు చెయ్యి కూడా పరుగెత్తేస్తుంది, అందరికీ అలాగే అవుతుంది, అప్పుడు సంగీతం టీచర్ ఏమీ అనకుండా మళ్ళీ మొదటి కాలానికి తీసుకొస్తారు. కొన్ని వారాలకి చెయ్యి నిలబడుతుంది. చుట్టూ ఎంత హడావిడి ఉన్నా తన లయ తను తప్పకుండా ఉండడం ఇంతకన్నా చిన్న వయసులో ఇంకే పీరియడ్‌లోనూ నేర్పలేం.

ఇంకొక పిల్లాడి సంగతి, పేరు చెప్పను. తెలుగు వాచకం చదవమంటే మాట తడబడుతుంది, మిగతావాళ్ళు చూస్తున్నారని ఇంకా ఎక్కువవుతుంది. ప్రార్థనలో పాడేటప్పుడు మాత్రం ఒక్క మాట దగ్గర కూడా ఆగడు. నత్తి ఉన్నవాళ్ళు చాలామంది పాడేటప్పుడు తడబడరు, ఇది వైద్యులకీ తెలిసిన విషయమే. వాడికి రోజు మొత్తంలో భయం లేకుండా నోరు విప్పే చోటు అదొక్కటే అయితే దాన్ని నేను ఎలా తీసెయ్యను?

ఎనిమిది, తొమ్మిది తరగతుల మగపిల్లల అమ్మానాన్నలకి ప్రత్యేకంగా ఒక మాట. ఇది గొంతు మారే వయసు. నిన్నటిదాకా బాగా పాడినవాడి గొంతు ఒక్కసారిగా బొంగురుపోతుంది, మధ్యలో పగులుతుంది, ఇంట్లో ఎవరో నవ్వుతారు, అంతే, ఇక జన్మలో పాడడు. దయచేసి నవ్వకండి. గొంతు కుదుటపడేదాకా కింది శ్రుతిలో పాడిస్తాం, లేదా మృదంగం దగ్గర కూర్చోబెడతాం. మీరు పీరియడ్ ఎత్తెయ్యమని అడిగిందీ సరిగ్గా ఈ వయసు దగ్గరే, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మీరు చెయ్యాల్సింది కొంచెమే. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే ఊడుపు పాటలు, తిరగలి పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు, లాలిపాటలు, ఏది గుర్తుంటే అది పాడించి ఫోన్లో రికార్డు చెయ్యండి. మనుషుల పేర్లు మర్చిపోతున్న పెద్దవాళ్ళకి కూడా చిన్నప్పటి పాటలు గుర్తుండడం చాలా ఇళ్ళల్లో చూస్తుంటాం, కాబట్టి ఆవిడకేం గుర్తుంటుందిలే అని వదిలెయ్యకండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టండి, అర్థం కాని మాటలు వాళ్ళే అడుగుతారు. పాట మధ్యలో ఆగిపోయినా, దగ్గు వచ్చినా ఫరవాలేదు, అలాగే పంపండి.

రికార్డింగులు క్లాస్ టీచర్ వాట్సాప్‌కి ఈ నెలాఖరులోగా పంపితే చాలు. వచ్చే నెల మొదటి శనివారం ఉదయం పది గంటలకి హాల్లో అందరం కలిసి వింటాం. పెద్దవాళ్ళని కూడా తీసుకురండి, మెట్లు ఎక్కలేని వాళ్ళకోసం కింద వరండా వైపు కుర్చీలు వేయిస్తాం.

మీ
ప్రధానోపాధ్యాయిని