జైపాల్ సింగ్ ముండా పాఠం కోసం బహిరంగ లేఖ

పాఠ్యపుస్తకాల రూపకల్పన బాధ్యత చూస్తున్న గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారాలు.

మీ కార్యాలయానికి పంపిన వినతిపత్రాలకు జవాబు రానందున, పదిమంది సాక్షిగా ఈ లేఖ రాస్తున్నాను.

1903లో నేటి జార్ఖండ్‌లోని ఒక ముండా కుటుంబంలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, బ్రిటిష్ పత్రికలకు హాకీ వ్యాసాలు రాసి, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత జట్టుకు నాయకత్వం వహించిన జైపాల్ సింగ్ ముండా, 1939లో ఆదివాసీ మహాసభకు అధ్యక్షుడయ్యారు. 1946 డిసెంబరు 19న రాజ్యాంగ సభలో ఆయన లేచి, తనను తాను అడవిమనిషినని గర్వంగా చెప్పుకుని, ఆదివాసులకు ప్రజాస్వామ్యాన్ని ఎవరూ నేర్పనక్కరలేదని, వారి నుంచే దాన్ని నేర్చుకోవాలని అన్నారు. నా దృష్టిలో ఆ సభలో వినిపించిన అత్యంత ధైర్యమైన మాటల్లో అవి ముందు వరుసలో ఉంటాయి.

మా ఆశ్రమ పాఠశాలలో రాజ్యాంగ రచన పాఠం చెబుతుండగా ఎనిమిదో తరగతి కోయ బాలిక ఒకరు, "అక్కడ మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా సార్?" అని అడిగింది. పుస్తకంలో ఆ అమ్మాయికి చూపించడానికి ఒక్క పేరూ లేదు. తమ భూమికి రక్షణనిచ్చే, రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు ఎవరో దయతలచి ఇచ్చిందని పిల్లలు అనుకుంటే, రేపు దాన్ని హక్కుగా ఎలా అడగగలరు?

కాబట్టి వచ్చే విద్యా సంవత్సరం పుస్తకాల ముద్రణకు ముందే జైపాల్ సింగ్ జీవితాన్ని సాంఘికశాస్త్రంలో పాఠంగా చేర్చాలని, ఆయన ప్రసంగాన్ని తెలుగుతో పాటు కోయ, గోండి, సవర భాషల్లో అన్ని ఆశ్రమ పాఠశాలలకు పంపాలని, మీ నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయుడు