మా ఇంటి మీటరు వెనక్కి కూడా లెక్కపెడుతోంది

విజయవాడ,
ఆదివారం

ఒరేయ్ శీనూ,

సోలార్ పెట్టిస్తే కరెంటు బిల్లు నిజంగా తగ్గుతుందా అని మొన్న ఫోన్‌లో అడిగావు కదా. అమ్మ భోజనానికి పిలవడంతో సగంలోనే పెట్టేశాను. తీరిగ్గా రాస్తున్నాను, చదువు.

మా డాబా మీద పెట్టించింది మూడు కిలోవాట్లు. ఎండ బాగుంటే రోజుకి పన్నెండు యూనిట్ల దాకా వస్తుంది. పాత మీటరు తీసేసి, వచ్చే కరెంటునీ పోయే కరెంటునీ విడివిడిగా లెక్కపెట్టే నెట్ మీటరు బిగించారు. మొదటి నెల నాకు ఎంత టెన్షన్ వచ్చిందో! ప్యానెళ్ల కరెంటుని ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ యాప్‌లో 360 యూనిట్లు తయారైనట్టు చూపిస్తోంది, బిల్లులో ఎక్స్‌పోర్ట్, అంటే మన ఇంటి నుంచి లైన్లోకి పోయింది, 250 అని ఉంది. 110 యూనిట్లు ఎవరు తినేశారని రాత్రి నిద్ర పట్టలేదు.

తినేసింది మన ఇల్లేరా! పగలు ఫ్రిజ్, ఫ్యాన్లు, మోటారు, అమ్మ మిక్సీ, అన్నీ ముందు ప్యానెల్ కరెంటునే వాడుకుంటాయి. మిగిలిందే మీటరు దాటి లైన్లోకి పోతుంది. మధ్యాహ్నం నేను మీటరు ముందు నిలబడి చూశాను. మోటారు ఆపిన కాసేపటికి ఎక్స్‌పోర్ట్ అంకె కదిలింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఆ నెలలో రాత్రిళ్లు మనం లైన్లోంచి తీసుకున్నది 230. ఇచ్చింది 250. మిగిలిన 20 వచ్చే నెలకి జమ. యూనిట్లకి కట్టాల్సింది ఏమీ లేదు, ఫిక్స్‌డ్ ఛార్జీల్లాంటివి మాత్రం తప్పవు. బిల్లు సున్నా అని ఎవరైనా చెబితే నమ్మకు. యూనిట్లు పూర్తిగా చెల్లిపోకపోయినా లాభమే, ముందు తగ్గేది పై స్లాబులో ఖరీదైన యూనిట్లు కాబట్టి.

అలాగని అవసరానికి మించి ప్యానెళ్లు పెట్టించకు. జమ యూనిట్ల లెక్క తేల్చే గడువు చివర్లో, మిగిలిన యూనిట్లకి డిస్కం (మనకి కరెంటు సరఫరా చేసే సంస్థ) ఇచ్చే ధర, సాధారణంగా మనం కొనే ధర కంటే తక్కువే. సబ్సిడీ కూడా అంతే. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్లకి 60 వేలు, మూడుకి 78 వేలు. ఆపైన ఎంత పెట్టినా 78 వేలే.

ఇంకొకటి, ఇది నాకు ముందు ఎవరూ చెప్పలేదు. బ్యాటరీ లేని మా సిస్టమ్, లైన్లో కరెంటు పోతే మిట్టమధ్యాహ్నమైనా ఆగిపోతుంది. మొదట కోపం వచ్చింది. కానీ స్తంభమెక్కి పని చేస్తున్న లైన్‌మన్‌కి మన ఇంటి కరెంటు తగిలితే? అందుకే ఆ ఏర్పాటు. అది తెలిశాక ఎండలో ఫ్యాన్ ఆగినా నాకు బాధ లేదు.

నీ పన్నెండు నెలల బిల్లులు ఫొటో తీసి పంపు, ఎన్ని కిలోవాట్లు కావాలో కూర్చుని లెక్క వేద్దాం. మీ డాబా మీద నీళ్ల ట్యాంకు నీడ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఎక్కడెక్కడ పడుతుందో కూడా చూసి రాయి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రాము