ఎంపికైన పిల్లల స్కాలర్‌షిప్ మధ్యలో ఆగిపోతోంది

సంపాదకులకు,

ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ (కేంద్రం ఇచ్చే నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా రూ.12,000 వస్తుంది. ప్రభుత్వ, జిల్లా పరిషత్, ఎయిడెడ్ బడుల్లో చదువుతూ, కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటని పిల్లలు అర్హులు. పిల్లల్ని దీనికి సిద్ధం చేసే పని ఒక్క పంతులు మీద వదిలేయడం తప్పు.

పరీక్షలో మ్యాట్ (ఆలోచనా శక్తిని చూసే భాగం) 90 ప్రశ్నలు, శాట్ (చదువును చూసే భాగం) 90. శాట్‌కు తరగతి పాఠాలే ఆధారం. మ్యాట్‌లోని సంఖ్యాశ్రేణులు, కోడింగ్, అద్దంలో బొమ్మలు పాఠ్యపుస్తకాల్లో ఉండవు, సాధనతోనే వస్తాయి. ఊళ్లోని డిగ్రీ విద్యార్థులు జూన్ నుంచే రోజూ సాయంత్రం గంటసేపు, గడియారం పెట్టి పాత ప్రశ్నపత్రాలు చేయించాలి. పంచాయతీ గదీ, లైటూ ఇస్తే చాలు.

అసలు నష్టం ఎంపికయ్యాకే. ఆధార్‌లో ఒక పేరు, బడి రికార్డులో మరో పేరు ఉంటుంది. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాకే దరఖాస్తు ఆగుతుంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ జతకాకపోతే డబ్బు పడదు. ఏడో తరగతిలోనే బడి కమిటీ ఈ రెండూ సరిచూడాలి. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఏటా రెన్యువల్ చేయాలి. పది తర్వాత కాలేజీ మారగానే ఈ సంగతి గుర్తుచేసేవారే ఉండరు, మన పిల్లలు అక్కడే జారిపోతున్నారు. ఎంపికైనవారి జాబితా మహిళా సంఘం దగ్గర ఉంచి, నెలవారీ సమావేశంలో ఒక్కో పేరూ అడగాలి.

- విశ్రాంత ఉపాధ్యాయులు, గుంటూరు జిల్లా