పెరట్లో పని చెప్పండి, పిల్లలకు మాటలొస్తాయి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులొచ్చాయి. మా వీధి పిల్లలంతా ఫోన్లకు అతుక్కుపోయారు. రెండేళ్ళ లోపు పిల్లలకు స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. "లాక్కుంటే ఏడుస్తారు టీచరమ్మా" అంటారు తల్లులు. లాక్కోనక్కర్లేదు, పెరట్లో ఏదో ఒక పని చెప్పి పక్కన నిలబడండి. చంద్రగిరి దగ్గర అంగన్‌వాడీలో ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషిగా అడుగుతున్నాను.

మా కేంద్రం వెనక ఒక మునగచెట్టు, రెండు అరటి పిలకలు ఉండేవి. మూడున్నరేళ్ళ పిల్లాడొకడు ఏది కావాలన్నా వేలు చూపించేవాడే గానీ నోరు విప్పేవాడు కాదు. వాడి చేతికి చెంబిచ్చి "తొట్లో ముంచుకొచ్చి అరటి పాదులో పొయ్ నాయనా" అనేదాన్ని. మొదట్లో ఖాళీ చెంబే తెచ్చేవాడు. ఒకే మాటలో రెండు పనులు చెబితే వాడికి అందలేదు. "ముంచు, ఎత్తు, మెల్లగా, ఇప్పుడు పొయ్" అని వాడితో పాటే చేస్తూ చెబితే పట్టుకున్నాడు. ఒకరోజు నీళ్ళు ఒలికి "టీచరమ్మా, కాలు తడిసిపోయింది, ఇంకో చెంబు తెస్తా" అన్నాడు. వాడి నోట అంత పొడుగు మాట వినడం నాకదే మొదలు.

బొమ్మల కార్డుల్లో ఆవు, బంతి, చెట్టు దొరుకుతాయి. ముంచడం, ఒంపడం, చిలకరించడం చేత్తో చేస్తేనే తెలుస్తాయి. చెనక్కాయలు ఒలిచేటప్పుడు గట్టి కాయలు ఒకపక్క, లొట్ట కాయలు ఒకపక్క వేయమనండి. "ఇదెందుకు లొట్టబోయింది?" అని వాళ్ళే అడుగుతారు. అడిగాక మీరూ తిరిగి ఒక ప్రశ్న వేసి, జవాబు వచ్చేదాకా ఆగండి. చాలామంది ఆగరు, అదే నా బాధ. "నీలు పోచా" అంటే వెక్కిరించకుండా "అవును, నీళ్ళు పోశావు" అనండి, చాలు.

పిల్లలతో చాకిరీ చేయించమని కాదు. ఎండెక్కకముందు కాసేపు, వాళ్ళకు విసుగు పుట్టేదాకానే. తిరుపతి అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకు బాల్కనీలో తులసి కుండీ అయినా ఉంటుంది. అద్దె గదుల్లో నడిచే అంగన్‌వాడీలకు కూడా నాలుగు కుండీలు, పిల్లల చేతికి సరిపోయే చెంబులు ఇప్పించాలని అధికారులను కోరుతున్నాను.

రెండేళ్ళు నిండినా "అమ్మా రా" అని రెండు మాటలు కలపలేని బిడ్డను మాత్రం పిల్లల డాక్టరుకు చూపించి, చెవి పరీక్ష కూడా చేయించండి.

- ఒక విశ్రాంత అంగన్‌వాడీ కార్యకర్త, చంద్రగిరి