డ్రాయింగ్‌తో పాటు నువ్వూ వెళ్లు

బాలానగర్,
ఆదివారం మధ్యాహ్నం

చిన్నీ,

మీ కాలేజీలో నువ్వు గీసిన వాకర్‌కి కీలు పిన్ను చేస్తున్న చెన్నై వర్క్‌షాపు ఓనరు గురించి, మొన్న ఫోన్లో "ఆ అంబత్తూరు ఆయనకి డ్రాయింగ్ చదవడమే రాదు నాన్నా" అన్నావు. మిషన్ చప్పుడులో సరిగ్గా వినపడలేదన్నాను. అబద్ధం. బాగానే వినపడింది. నా గురించి కూడా ఏదో ఒక యూనివర్సిటీ వరండాలో ఎవరో ఇదే మాట అనుకుని ఉంటారని తట్టి, నోరు పెగల్లేదు. ఇవాళ షెడ్డుకి సెలవు. మీ అమ్మ పడుకుంది. తీరిగ్గా రాస్తున్నాను.

నువ్వు బీటెక్ మూడో ఏడాదిలో ఉండగా నేను స్ప్రేయర్ నాజిళ్లు చేశాను, గుర్తుందా? అప్పుడు నీకు పరీక్షల టెన్షన్, నేనూ వివరంగా చెప్పలేదు. పత్తి చేలో మందు కొట్టే నాజిల్ అది. లోపల ఏటవాలు గాళ్లున్న చిన్న బిళ్ల ఉంటుంది. మందు నీళ్లు ఆ గాళ్లలోంచి సుడి తిరిగి, ముందున్న సన్నటి రంధ్రంలోంచి గొడుగులా విచ్చుకుంటూ బయటికొస్తాయి. ఆ గొడుగు అన్ని వైపులా సమంగా ఉండాలి. లేకపోతే ఒక ఆకు తడిసి ముద్దవుతుంది, పక్క ఆకు మీద పురుగు హాయిగా తింటూ ఉంటుంది.

ఒక యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి, వాళ్ల గైడు వచ్చారు. తక్కువ మందుతో ఎక్కువ ఆకు తడిసే నాజిల్ కావాలన్నారు. డ్రాయింగ్ ఇచ్చి వెళ్లారు. రంధ్రం 1 మిల్లీమీటరు, అటూ ఇటూ 0.01. మా పాత క్యాప్‌స్టన్ లేత్ మీద, ఇత్తడి రాడ్డులో, మామూలు డ్రిల్ బిట్‌తో అది అయ్యే పని కాదు. నాకు తెలుసు. అయినా "అవుతుంది సార్" అన్నాను. యూనివర్సిటీ వాళ్లు వెతుక్కుంటూ మన షెడ్డుకొచ్చారని లోపల గర్వం. నీకు చెప్పడానికి సిగ్గేం లేదు.

200 పీసులు పంపితే, రంధ్రం కొలత కుదరలేదని 140 తిప్పి పంపారు. నాకు ఒళ్లు మండింది. ఆ అమ్మాయికీ మండింది. తన గడువు దగ్గర పడుతోంది మరి. మూడో రోజున తనే బస్సెక్కి షెడ్డుకొచ్చింది, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. అందులో పసుపు పచ్చ కాగితం ముక్కలు. నీటి చుక్క పడితే పడ్డచోట నీలం రంగు తిరుగుతుందట. చేలో ఆకులకు వాటిని పిన్నులతో గుచ్చి, మన నాజిల్‌తో కొట్టి తెచ్చింది. బల్ల మీద వరసగా పరిచింది. కొన్నింటి మీద ఆవాలు చల్లినట్టు సన్నటి చుక్కలు. కొన్నింటి మీద ఒక పక్క సిరా ఒలికినట్టు నీలం, రెండో పక్క ఒట్టి పసుపు.

నువ్వు తాతా అని పిలుస్తావే, లేత్ మీద పనిచేసే మన పెద్ద టర్నరు, ఆయన చేతులు తుడుచుకుంటూ వచ్చి చాలాసేపు చూశాడు. "అమ్మా, నీకు కొలత కావాలా, ఈ చుక్కలు కావాలా?" అని అడిగాడు. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి "చుక్కలే తాతా" అంది. ఆయన చేతులు తుడుచుకునే వేస్టు దూదిలోంచి ఒక పోగు లాగి, నాజిల్ మొహం మీద రంధ్రం చుట్టూ మెల్లగా తిప్పాడు. ఒక చోట పోగు పట్టుకుంది. ఇంకో పీసు తీశాడు, అక్కడా పట్టుకుంది. కంటికి కనపడని బర్. డ్రిల్ లోపలి నుంచి బయటికి వస్తూ అంచు దగ్గర ఇత్తడిని కాస్త లేపి వదిలేస్తోంది. గొడుగు ఒక పక్కకి ఒరిగిపోవడానికి కారణం అది. 140 పీసుల మీద మేం పోట్లాడుకున్న ఆ 0.01కి దీనికీ సంబంధమే లేదు.

మర్నాటి నుంచి డ్రిల్ దిశ మార్చాం. బయటి నుంచి లోపలికి కొడితే బర్ లోపల లేస్తుంది, నీళ్లు సుడి తిరిగే లోపలి గదిని చదును చేసే టూల్ ఎలాగూ దాన్ని కోసేస్తుంది. ఆ అమ్మాయి మూడు రోజులు మా స్టూలు మీదే కూర్చుంది, మధ్యాహ్నం మా డబ్బాలే తింది. వెళ్లి కొత్త డ్రాయింగ్ పంపింది. అందులో ఆ గట్టి టాలరెన్స్, అంటే అటూ ఇటూ 0.01 అనే పట్టింపు, లేదు. 3 కేజీ ప్రెజర్ దగ్గర నిమిషానికి ఇన్ని మిల్లీలీటర్ల నీళ్లు రావాలి, తేడా 6 శాతం మించకూడదు అని రాసింది. రంధ్రం 3 శాతం పెరిగితే నీళ్లు దాదాపు 6 శాతం పెరుగుతాయి కదా, లెక్క అక్కడి నుంచి తెచ్చింది. మైక్రోమీటరు కూడా దూరని ఆ రంధ్రాన్ని ఇక మేం కొలవక్కర్లేదు. ఒక మోటారు, ప్రెజర్ గేజ్, కొలజాడీ, గోడ గడియారం. హెల్పరు కుర్రాడు కూడా పాసో ఫెయిలో చెప్పగలడు.

నీ వాకర్ కీలు పిన్ను సంగతీ ఇలాంటిదేనేమో అని నా అనుమానం. డ్రాయింగ్‌లో ఎంత ఉండాలో ఉంటుంది, ఎందుకుండాలో ఉండదు. ఆ ఎందుకు అన్నది నువ్వు వెళ్లి చెబితేనే ఆయనకి తెలుస్తుంది. ముసలాయన వాకర్ మీద బరువేసినప్పుడు కీలు కటకటమంటే భయపడతాడని నువ్వే నాకు చెప్పావు. అది అంబత్తూరు ఆయనకి చెప్పావా?

మీ ఊళ్లోనే చూడు. కూర్చున్న మనిషిని నిలబెట్టే వీల్‌చెయిర్, అరైజ్. ఐఐటీ మద్రాస్‌లో వికలాంగులకు పరికరాలు రూపొందించే ఆర్2డీ2 కేంద్రం వాళ్లు రూపం ఇస్తే, తయారు చేసింది పసిపిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్లు చేసే చెన్నై కంపెనీ ఫీనిక్స్ మెడికల్ సిస్టమ్స్. 2019లో బయటికొచ్చింది. అంత దూరం ఎందుకు, నువ్వు పుట్టినప్పుడు వేయించిన హెపటైటిస్-బి టీకా కథ? ఒక ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, వరప్రసాద్ రెడ్డి గారు, 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. పరిశోధన మొదలైంది ఉస్మానియా యూనివర్సిటీ ల్యాబులో, తర్వాత హైదరాబాద్‌లోనే ఉన్న జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో. 1997లో మన దేశపు టీకా మార్కెట్లోకి వచ్చింది. నేనప్పుడు ఇక్కడే హెల్పర్ని. ఉస్మానియా అంటే మాకు పరీక్షలు, సమ్మెలు. అక్కడ ఒక కంపెనీ పురుడు పోసుకుంటోందని ఎవరికి తెలుసు!

అన్నీ ఇలా జరుగుతాయని కాదు. నాజిల్‌కి ముందు ఒక కాలేజీ వాళ్లు శాలువా కప్పి, ఫ్లెక్సీ ముందు నిలబెట్టి కలిసి పనిచేస్తామనే ఒప్పందం, ఎంఓయూ, మీద సంతకం పెట్టించుకున్నారు. ఫొటో వాళ్ల పుస్తకంలో పడింది. తర్వాత మనిషి కనపడితే ఒట్టు. ఆ శాలువా మీ అమ్మ ఫ్రిజ్ మీద కప్పింది. ఇక నాజిల్ వాళ్లు మంచివాళ్లే, కానీ బిల్లు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. చిన్న యూనిట్లకు 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 చట్టంలోనే ఉంది. ఉంటే? రేపు మళ్లీ పని ఇచ్చేది వాళ్లేగా, ఎవడు కేసు పెడతాడు? ఆ ఎనిమిది నెలలూ ఇత్తడి షాపు సేఠ్ మొహం చూడలేక పక్క సందులోంచి వెళ్లేవాణ్ని. మీ అకౌంట్స్ సెక్షన్ ఫైలు ఏ బల్ల మీద ఉందో నువ్వు నెలకోసారి కనుక్కో. ఆయన నిన్ను అడగడు.

పేటెంట్ మాటా ముందే రాసుకోండి. ఆ అమ్మాయి పేపరు పంపేస్తుంటే గైడు ఆపి, ముందు ప్రొవిజనల్, అంటే తాత్కాలిక పేటెంట్ అప్లికేషన్, వేయించాడు. అది వేశాక పూర్తి అప్లికేషన్‌కి 12 నెలలు టైముంటుంది. కాలేజీలకు ఫీజు కూడా 2021 నుంచి 80 శాతం తగ్గించారు, డబ్బు సాకు చెప్పడానికి లేదు. అందులో యూనివర్సిటీ పేరుంది, అమ్మాయి పేరుంది, గైడు పేరుంది. పెద్ద టర్నరు పేరు లేదు. డ్రిల్ దిశ మార్చడం చట్టం దృష్టిలో కనిపెట్టడం అవుతుందో కాదో వకీలు చెప్పాలి. కానీ వాళ్లెవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆ కాగితం నకలు వచ్చిన రోజు ఆయనకి చూపిస్తే, కళ్లజోడు పెట్టుకుని చివరి దాకా చూసి, మడిచి ఇచ్చేశాడు. ఏమీ అనలేదు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

నీ నోటుబుక్కులో ఏ రోజు ఎవరు ఏం సూచించారో తేదీ వేసి రాస్తున్నావా? అంబత్తూరులో లేత్ మీద ఉండే మనిషి పేరు నీకు తెలుసా? ఓనరు పేరు కాదు.

నాజిల్‌తో లక్షలేమీ రాలేదు. సీజన్లో రెండు నెలలు పని దొరుకుతోంది, అంతే. కొలజాడీ మాత్రం ఇంకా షెడ్డు కిటికీలోనే ఉంది.

ఆ పిన్నుకి నువ్వు వేసిన టాలరెన్స్ ఎంత? ఫోన్లో చెప్పకు, డ్రాయింగ్ ఫొటో తీసి పంపు. రేపు టీ టైములో తాతకి చూపిస్తాను.

నాన్న